గ్రిడ్ రిఫ్రెష్ అయ్యాక కర్సర్ పాత రికార్డు మీదే నిలవాలంటే ఏం దాచుకోవాలి?

మధురవాడ · ఉదయం 9:40

డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ 15. ముందు విండోస్ ఫామ్స్ గ్రిడ్, మధ్యలో డేటాబేస్ కనెక్షన్లని అందరికీ పంచే పీజీబౌన్సర్ ట్రాన్సాక్షన్ మోడ్‌లో ఉంది. రేవు పక్క స్టాక్‌యార్డులో వేబ్రిడ్జి స్లిప్పుల టేబుల్, పేరు ‘తూకాలు’, దాదాపు 18 లక్షల రికార్డులు. ప్రతి 30 సెకన్లకీ, ఎఫ్5 నొక్కినప్పుడూ గ్రిడ్ రిఫ్రెష్ అవుతుంది. అయిన ప్రతిసారీ కర్సర్ మొదటి రికార్డుకి ఎగిరిపోతోంది.

రెండు దారులు ప్రయత్నించాం. మొదటిది, వరస నంబరు దాచుకుని తిరిగి ఆఫ్‌సెట్‌తో అక్కడికి వెళ్లడం. ఈలోగా ఇంకో బండి తూకం పడితే కర్సర్ పక్క స్లిప్పు మీద నిలుస్తోంది. ఆపరేటర్ గమనించకపోతే ఒక లారీ ఖాళీ బరువు ఇంకో లారీకి ఎక్కుతుంది. రెండోది, డిక్లేర్ స్క్రోల్ కర్సర్ విత్ హోల్డ్, అంటే ఫలితంలో స్థానాన్ని సర్వరే పట్టి ఉంచే కర్సర్. ఒక్కోసారి పనిచేస్తుంది, ఒక్కోసారి ‘కర్సర్ లేదు’ అని ఎర్రర్. అసలు దీనికి సరైన పద్ధతి ఏది?

రుషికొండ · 10:05

ముందు విత్ హోల్డ్ సంగతి. ఈ సర్వర్ కర్సర్ అనేది సర్వర్ కనెక్షన్‌కి అంటుకుని ఉంటుంది. పీజీబౌన్సర్ ట్రాన్సాక్షన్ మోడ్‌లో ఒక ట్రాన్సాక్షన్ ముగియగానే ఆ కనెక్షన్ ఇంకొకరికి వెళ్లిపోతుంది. మీ తర్వాతి ఫెచ్ అదృష్టం బాగుంటే అదే కనెక్షన్‌కి చేరుతుంది, లేకపోతే వేరేదానికి. మీ ఎర్రర్ ఒకసారి వచ్చి ఒకసారి రాకపోవడానికి కారణం అంతే.

సెషన్ మోడ్‌కి మార్చినా లాభం లేదు. విత్ హోల్డ్ కర్సర్ కమిట్ దగ్గర ఫలితం మొత్తాన్ని పక్కకు కాపీ చేసుకుంటుంది. రికార్డుకి 200 బైట్లు వేసుకున్నా 18 లక్షలకి 360 ఎంబీ. అది వర్క్_మెమ్ (ఒక పనికి ఇచ్చే మెమరీ హద్దు) దాటి టెంపరరీ ఫైళ్లలో పడుతుంది, ఒక్కో ఆపరేటర్‌కీ ఒక్కో కాపీ. పైగా ఆ కాపీ ఆ క్షణంలో గడ్డకట్టినట్టే, కొత్త తూకాలు అందులో కనబడవు. రిఫ్రెష్ చేసేదే కొత్తవి చూడ్డానికి కదా.

ఇక ఆఫ్‌సెట్. ఆఫ్‌సెట్ 9,00,000 లిమిట్ 50 అంటే సర్వర్ 9,00,050 రికార్డులు లాగి అందులో తొమ్మిది లక్షలు పారేస్తుంది. ఆ ఆలస్యం కన్నా పెద్ద తప్పు మీరే చెప్పారు: పైన ఒకటి చేరితే అన్నీ ఒక మెట్టు కిందికి, ఒకటి పోతే ఒక మెట్టు పైకి. ఎంవీపీ కాలనీలో ఇల్లు చెప్పడానికి ‘బస్టాపు నుంచి పదకొండో ఇల్లు’ అనం, డోర్ నంబరు చెబుతాం. మధ్య ఖాళీ స్థలంలో ఒక ఇల్లు లేస్తే మొదటి గుర్తు తప్పుతుంది, రెండోది తప్పదు.

కాబట్టి దాచాల్సింది ప్రస్తుత రికార్డు తాలూకు సార్ట్ కాలమ్ విలువ, దాంతో పాటు ఐడీ. తిరిగి వచ్చాక అడగాల్సింది ‘ఎన్నో రికార్డు’ అని కాదు, ‘ఈ విలువ దగ్గర, లేదా దీని తర్వాత వెంటనే ఏముంది’ అని.

అక్కయ్యపాలెం · 10:20

సీటీఐడీ దాచుకుంటే ఇంకా తేలిక కదా? నేరుగా రికార్డు చిరునామా.

రుషికొండ · 10:24

వద్దండి. పోస్ట్‌గ్రెస్‌లో అప్‌డేట్ అంటే రికార్డుకి కొత్త వెర్షన్ పుట్టడం, దాంతో సీటీఐడీ మారిపోతుంది. ఖాళీ బరువు ఎక్కిన క్షణమే మీ చిరునామా పాతబడింది. వ్యాక్యూమ్ ఫుల్ నడిస్తే టేబుల్ మొత్తానికీ మారుతుంది. ఆ పాత చోట తర్వాత ఇంకో రికార్డు వచ్చి కూర్చోవచ్చు కూడా, అప్పుడు ఎర్రర్ కూడా రాదు. తప్పు రికార్డు చేతికొస్తుంది.

పీజీ_కర్సర్స్ వ్యూ గురించి ఎవరైనా అడిగేలోపు అదీ చెప్పేస్తాను: అందులో పేరు, క్వెరీ, పుట్టిన సమయం లాంటివే ఉంటాయి. కర్సర్ ఎక్కడ నిలిచిందో ఉండదు.

మధురవాడ · 10:41

అర్థమైంది. ఆపరేటర్లు మూడు రకాలుగా సార్ట్ చేస్తారు: లోపలికొచ్చిన సమయం, బండి నంబరు, బయటికెళ్లిన సమయం. యార్డులో ఇంకా ఉన్న బండ్లకి మూడోది నల్, అంటే విలువే లేదు. ఒకే పద్ధతి మూడింటికీ సరిపోతుందా?

డాబాగార్డెన్స్ · 11:15

సరిపోతుంది, కానీ మూడింటికీ మూడు గోతులున్నాయి.

లోపలికొచ్చిన సమయం: ఒకే క్షణంలో రెండు వేబ్రిడ్జిల మీద రెండు బండ్లు ఎక్కవచ్చు. ఒక్క సమయమే దాచి ‘దీనికన్నా ఎక్కువ’ అంటే రెండో బండి గల్లంతు. అందుకే చివర్న ఎప్పుడూ ఐడీ ఉండాలి, ఆర్డర్ బైలోనూ, వేర్‌లోనూ, ఇండెక్స్‌లోనూ:

వేర్ (వచ్చిన_సమయం, ఐడీ) > (:స, :ఐ)
ఆర్డర్ బై వచ్చిన_సమయం, ఐడీ
లిమిట్ 50

ఇండెక్స్ (వచ్చిన_సమయం, ఐడీ) మీద. ఎక్స్‌ప్లెయిన్ (క్వెరీ ఎలా నడుస్తుందో చూపే కమాండ్) వేసి ఈ జంట పోలిక ‘ఇండెక్స్ కండ్’ అన్న వరసలో కనబడుతోందో లేదో చూడండి. ‘ఫిల్టర్’ అన్న వరసలోకి దిగిందంటే పని ఆఫ్‌సెట్ లాగే సాగుతోందన్నమాట.

రెండు కాలమ్‌లూ ఒకే దిశలో ఉంటేనే ఈ జంట పోలిక నడుస్తుంది. సమయం అవరోహణ, ఐడీ ఆరోహణ అయితే విడదీసి రాయాలి:

వేర్ సమయం <= :స అండ్ (సమయం < :స ఆర్ ఐడీ > :ఐ)

ముందున్న ‘<=’ షరతు ఇండెక్స్ కోసం, అది తీసేయకండి. అవసరం లేకపోతే ఐడీని కూడా అవరోహణలో పెట్టేయండి, గొడవ వదులుతుంది.

బండి నంబరు: ఏపీ 31, ఏపీ 39 అన్నీ ఇంగ్లీషు అక్షరాలూ అంకెలూ. ఆ కాలమ్‌కి సీ కొలేషన్ (అక్షరాలని కోడ్ వరసలోనే పోల్చే సార్టింగ్ నియమం) పెట్టండి. లొకేల్ కొలేషన్ అయితే లినక్స్ సీ లైబ్రరీ జీలిబ్‌సీ 2.28 దగ్గర సార్టింగ్ వరసే మారింది. ఆపరేటింగ్ సిస్టమ్ అప్‌గ్రేడ్ చేసి రీఇండెక్స్ చేయకపోతే ఇండెక్స్‌లే తప్పు చెబుతాయి, మీరు దాచిన స్థానం సంగతి చెప్పనే అక్కర్లేదు. నంబరులో ఖాళీలు, అడ్డగీతలు ఎక్కించేటప్పుడే తీసేయండి. ఒకరు ఖాళీ ఇచ్చి, ఒకరు ఇవ్వకుండా కొడితే ఒకే బండి రెండు చోట్ల తేలుతుంది.

బయటికెళ్లిన సమయం: ఇది అన్నిటికన్నా ప్రమాదం. జంటలో సమయం దగ్గరే నల్ వస్తే పోలిక ఫలితం నిజమూ కాదు, అబద్ధమూ కాదు, నల్. ఆ రికార్డులు నిశ్శబ్దంగా రాలిపోతాయి. మీకు కావలసిందేమో యార్డులో ఉన్న ఆ బండ్లే. దీనికి కోయలెస్(బయటి_సమయం, 'ఇన్ఫినిటీ') అన్న ఎక్స్‌ప్రెషన్ మీద ఇండెక్స్ కట్టి, ఆర్డర్ బైలోనూ వేర్‌లోనూ అక్షరం తేడా లేకుండా అదే ఎక్స్‌ప్రెషన్ వాడండి. డాట్‌నెట్ డ్రైవర్ ఎన్‌పీజీఎస్‌క్యూఎల్ ఇన్ఫినిటీని డేట్‌టైమ్ గరిష్ఠ విలువగా చూపిస్తుంది. తెర మీద ఆ 9999 సంవత్సరం కనబడకుండా చూసుకోండి.

సీతమ్మధార · 11:32

బండి నంబర్లకి సీ కొలేషన్ సరే. డ్రైవరు పేర్లు, ఊరి పేర్లు తెలుగులో ఉంటే మాత్రం ఆలోచించండి. యూనికోడ్ కోడ్ వరసలో ‘ళ’ వచ్చేది ‘వ’ కన్నా ముందు. మన వర్ణమాలలో ‘హ’ తర్వాత. ‘ఱ’ కూడా ‘ర’ పక్కనే ఉంటుంది. అంటే సీ కొలేషన్‌లో ‘కాళి’ ముందు, ‘కావ్య’ తర్వాత. ఏది ఎంచుకున్నా ఫరవాలేదు గానీ ఆర్డర్ బై ఒక కొలేషన్‌తో, వేర్ పోలిక ఇంకో కొలేషన్‌తో చేస్తే మధ్యలో పేర్లు మాయమవుతాయి. సార్ట్‌ని గ్రిడ్‌లో సీ షార్ప్ చేత చేయించి, పోలికని డేటాబేస్ చేత చేయించినా ఇదే ఫలితం.

రుషికొండ · 11:50

స్థానానికి తిరిగి చేరే క్వెరీ ఇది. కర్సర్ ఉన్న రికార్డు మధ్యలో, పైన కొన్ని, కింద కొన్ని:

(సెలెక్ట్ * ఫ్రమ్ తూకాలు వేర్ (వచ్చిన_సమయం, ఐడీ) < (:స, :ఐ) ఆర్డర్ బై వచ్చిన_సమయం డెస్క్, ఐడీ డెస్క్ లిమిట్ 50)
యూనియన్ ఆల్
(సెలెక్ట్ * ఫ్రమ్ తూకాలు వేర్ (వచ్చిన_సమయం, ఐడీ) >= (:స, :ఐ) ఆర్డర్ బై వచ్చిన_సమయం, ఐడీ లిమిట్ 50)
ఆర్డర్ బై వచ్చిన_సమయం, ఐడీ

రెండు ముక్కల చుట్టూ బ్రాకెట్లు తప్పనిసరి, లేకపోతే లోపలి ఆర్డర్ బై, లిమిట్ దగ్గర సింటాక్స్ ఎర్రర్ వస్తుంది. రెండూ ఒకే స్టేట్‌మెంట్‌లో ఎందుకంటే, రీడ్ కమిటెడ్‌లో ఒక్కో స్టేట్‌మెంట్‌కి ఒక్కో స్నాప్‌షాట్ (ఆ క్షణంలో డేటా ఎలా ఉందో ఆ చిత్రం). విడివిడిగా పంపితే ఆ సందులో సార్ట్ విలువ మారిన రికార్డు రెండు వైపులా రావచ్చు, ఎటూ రాకపోవచ్చు.

రెండు వైపులా 50 చొప్పున తెచ్చి, తెరకి కావలసినంత అప్లికేషన్‌లో కత్తిరించండి. జాబితా చివర్లో ఉంటే కింద మూడే దొరుకుతాయి, అప్పుడు పైవాటితో తెర నింపొచ్చు.

‘>=’లో ఇంకో సుఖం ఉంది. ఆ స్లిప్పుని ఎవరైనా తీసేసి ఉంటే కింది సగంలో మొదట వచ్చేది దాని తర్వాతి రికార్డు, కర్సర్ అక్కడ నిలుస్తుంది. కింది సగం ఖాళీగా వస్తే పై సగంలో చివరిది. తీసేసిన రికార్డు కోసం వేరే కోడ్ రాయక్కర్లేదు.

గాజువాక · 12:18

క్వెరీ ఎంత సరిగా ఉన్నా విండోస్ ఫామ్స్ గ్రిడ్, అంటే డేటాగ్రిడ్‌వ్యూ దగ్గర ఇది చెడుతుంది. డేటాసోర్స్ మార్చిన క్షణంలో గ్రిడ్ తనంతట తాను మొదటి సెల్‌ని ఎంచుకుని సెలెక్షన్‌చేంజ్‌డ్ ఈవెంట్ లేపుతుంది. మీ స్థానం దాచే కోడ్ ఆ ఈవెంట్‌లోనే ఉంటే, దాచినదాన్ని మొదటి రికార్డుతో చెరిపేస్తుంది. తర్వాత తిరిగి వెళ్లేది మొదటి రికార్డుకే. ‘క్వెరీ పనిచేయట్లేదు’ అనిపించేది ఇక్కడే.

చేయాల్సిన వరస: రీలోడ్ మొదలయ్యే ముందే స్థానాన్ని లోకల్ వేరియబుల్‌లోకి తీసుకోండి; ‘రీలోడ్ అవుతోంది’ అనే బూలియన్ ట్రూ చేయండి; డేటాసోర్స్ మార్చండి; ఐడీతో రికార్డు వెతికి కరెంట్‌సెల్ పెట్టండి; ఆ తర్వాతే ఫస్ట్‌డిస్‌ప్లేడ్‌స్క్రోలింగ్‌రోఇండెక్స్ పెట్టండి; బూలియన్ ఫాల్స్ చేయడం ఫైనల్లీ బ్లాక్‌లో. కరెంట్‌సెల్, స్క్రోల్ రెండిటి వరసా తారుమారు చేయకండి. కరెంట్‌సెల్ పెట్టడమే గ్రిడ్‌ని జరుపుతుంది కాబట్టి ముందు సర్దిన స్క్రోల్ పోతుంది. ఐడీ కాలమ్ దాచిపెట్టి ఉంటే కరెంట్‌సెల్‌గా దాన్ని ఇవ్వకండి, కనబడని సెల్‌కి ఎక్సెప్షన్ వస్తుంది. కనబడే మొదటి కాలమ్ సెల్ ఇవ్వండి.

కర్సర్ రికార్డు ఒక్కటే దాచితే చాలదు. తెర మీద అది పై నుంచి ఎన్నో గీత మీద ఉందో కూడా కావాలి. రికార్డు సరైనదే అయినా, తెర మధ్యలో ఉన్నది ఒక్కసారిగా పైకెక్కితే ఆపరేటర్ కన్ను చెదిరిపోతుంది.

పెదవాల్తేరు · 12:40

ఇంకొకటి, నా లెక్కలో ఇదే అన్నిటికన్నా ముఖ్యం. తప్పు స్లిప్పుకి ఖాళీ బరువు ఎక్కకుండా ఆపడం కర్సర్ పని కాకూడదు. ఆపరేటర్ సెల్‌లో టైప్ చేయడం మొదలెట్టిన క్షణంలో ఉన్న ఐడీని పట్టి ఉంచి, అప్‌డేట్ ఆ ఐడీ మీదే నడవాలి, ‘ఇప్పుడు కర్సర్ ఉన్న రికార్డు’ మీద కాదు. వెర్షన్ కాలమ్ ఒకటి పెట్టి వేర్ ఐడీ = :ఐ అండ్ వెర్షన్ = :వె అనండి. ‘అప్‌డేట్ 0’ తిరిగొస్తే మధ్యలో ఎవరో మార్చారని అర్థం. ఎడిట్ నడుస్తున్నంతసేపూ 30 సెకన్ల టైమర్ ఆగాలి.

సీతమ్మధార · 1:05

పూర్తిగా ఒప్పుకుంటాను. అక్కడే ఇంకో ప్రశ్న: ఆపరేటర్ బండి నంబరే సరిదిద్దాడు, సార్ట్ కూడా బండి నంబరు మీదే ఉంది. రికార్డు జాబితాలో ఎక్కడికో వెళ్లింది. కర్సర్ దాని వెంట వెళ్లాలా, పాత చోటే ఉండాలా?

రుషికొండ · 1:12

వెంట వెళ్లాలంటాను. సేవ్ అయ్యాక ఐడీతో కొత్త సార్ట్ విలువ చదివి, దాంతో పైన రాసిన క్వెరీ వేయాలి. తాను మార్చింది కళ్లముందే ఉంటే మనిషికి నమ్మకం.

గాజువాక · 1:20

నేను ఒప్పుకోను. వరసగా ఇరవై స్లిప్పులు సరిదిద్దుతున్నవాడికి ప్రతి సేవ్‌కీ తెర ఇంకోచోటికి దూకితే తర్వాతిది ఎక్కడుందో మళ్లీ వెతుక్కోవాలి. పాత సార్ట్ విలువతోనే ‘>=’ వేస్తే సహజంగా తర్వాతి స్లిప్పు మీద నిలుస్తుంది. మారిన స్లిప్పు ఎక్కడికెళ్లిందో కింద స్టేటస్ బార్‌లో చూపి, నొక్కితే అక్కడికి తీసుకెళ్లండి.

రుషికొండ · 1:31

వరస దిద్దుబాటు పనికి మీదే మంచిది. ఒప్పుకుంటున్నాను. అయితే అదే స్లిప్పుని వేరే ఆపరేటర్ మార్చి, అది మన రిఫ్రెష్‌లో జరిగితే? అప్పుడు కూడా పాత చోటే ఉండాలి. తాను ముట్టుకోని రికార్డు కదిలిందని తెర కదలకూడదు.

కంచరపాలెం · 2:10

ఇదే జాబితా వెబ్‌లో కూడా చూపిస్తే ఒక హెచ్చరిక. పోస్ట్‌గ్రెస్ సమయం మైక్రోసెకన్ల దాకా దాస్తుంది. జావాస్క్రిప్ట్ డేట్‌లో మిల్లీసెకన్లే. 10:15:02.123456 అనే విలువ బ్రౌజర్‌కి వెళ్లి తిరిగొచ్చేసరికి 10:15:02.123. ఆరోహణ జాబితాలో ‘దీనికన్నా ఎక్కువ’ అంటే చివరి రికార్డు మళ్లీ వస్తుంది, అది కంటికి కనబడే తప్పు. అవరోహణలో ‘దీనికన్నా తక్కువ’ అంటే .123000, .123456 మధ్య ఉన్నవన్నీ ఎగిరిపోతాయి, అది కనబడదు. సమయాన్ని సర్వర్ దగ్గరే టెక్స్ట్‌గా మార్చి, బ్రౌజర్ దాన్ని విప్పకుండా అలాగే తిరిగి పంపేట్టు చేయండి.

అలా తిరిగొచ్చే టోకెన్‌లో సార్ట్ పేరు, దిశ, ఫిల్టర్ హ్యాష్ (ఫిల్టర్‌ని కుదించిన గుర్తు) కూడా పెట్టండి. ఫిల్టర్ మారాక పాత టోకెన్ వస్తే ‘ఎక్కడో’ నిలపడం కన్నా మొదటికి తీసుకెళ్లడం నయం.

ఎస్‌క్యూఎల్ సర్వర్ పాత డేట్‌టైమ్ టైప్ అయితే సెకనులో 300వ వంతుకి సవరిస్తుంది: .000, .003, .007 అలా. డేట్‌టైమ్2 వాడండి.

ద్వారకానగర్ · 2:45

ఎస్‌క్యూఎల్ సర్వర్ మాటొచ్చింది కాబట్టి. అక్కడ జంట పోలిక లేదు, డాబాగార్డెన్స్ గారు రాసిన విడదీసిన రూపమే గతి. మై‌ఎస్‌క్యూఎల్‌లో జంట పోలిక రాయొచ్చు, కానీ ఇండెక్స్‌ని సరిగా వాడుకోదు, అక్కడా విడదీసే రాయండి.

ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో సర్వర్ కర్సర్లే వాడక తప్పని పాత ప్రొసీజర్లు ఉంటే గుర్తుంచుకోవాల్సినవి కొన్ని. కీసెట్ కర్సర్ కీలని టెంప్‌డీబీ అనే తాత్కాలిక డేటాబేస్‌లో దాస్తుంది. టేబుల్‌కి యూనిక్ ఇండెక్స్ లేకపోతే చెప్పాపెట్టకుండా స్టాటిక్‌గా మారిపోతుంది. ఫెచ్ అబ్సల్యూట్ డైనమిక్ కర్సర్‌కి చెల్లదు. @@ఫెచ్_స్టేటస్ 0 అయితే దొరికింది, -1 అయితే జాబితా దాటిపోయింది, -2 అయితే ఆ రికార్డుని ఎవరో తీసేశారు. చాలామంది ‘వైల్ @@ఫెచ్_స్టేటస్ = 0’ అని రాసి, -2 రాగానే లూప్ ఆగితే పని అయిపోయిందనుకుంటారు. నిజానికి ఇంకా రికార్డులున్నాయి. ‘<> -1’ అని రాసి లోపల -2ని వదిలేయాలి. ఆ విలువ కనెక్షన్ మొత్తానికీ ఒక్కటే, కాబట్టి లోపల ఇంకో కర్సర్ నడిస్తే అది మారిపోతుంది. ఫెచ్ అయిన వెంటనే వేరియబుల్‌లోకి తీసుకోండి.

ఒరాకిల్‌లో ఫర్ అప్‌డేట్ కర్సర్ మధ్యలో కమిట్ చేసి మళ్లీ ఫెచ్ చేస్తే ఓరా-01002 (ఫెచ్ వరస తప్పింది) ఎర్రర్. మామూలు కర్సర్‌ని గంటలకొద్దీ తెరిచి ఉంచితే ఓరా-01555 (స్నాప్‌షాట్ మరీ పాతది) రావచ్చు. రెండింటికీ మందు ఇదే: ముక్కలుగా చదువు, చివరి కీ దాచు, కర్సర్ మూసేయ్.

ఒక్క షరతు. ఏ కాలమ్ మీద నడుస్తున్నారో అదే కాలమ్‌ని ఆ నడకలో మార్చకండి. మారిన రికార్డు ముందుకెళ్లి మళ్లీ ఎదురొస్తుంది. 1976లో ఐబీఎం సిస్టమ్ ఆర్ పరిశోధకులు, 25,000 డాలర్ల లోపు జీతాలకి 10 శాతం పెంచే అప్‌డేట్‌లో దీన్ని చూశారు. అందరి జీతమూ 25,000 చేరేదాకా పెరుగుతూనే పోయింది. ఆ రోజు హాలోవీన్ కావడంతో ఆ పేరే నిలిచింది.

కూర్మన్నపాలెం · 3:30

తెరతో సంబంధం లేని స్థానం గురించి అడగొచ్చా? ప్రతి 5 నిమిషాలకీ కొత్త తూకాలు బిల్లింగ్ డేటాబేస్‌కి పంపే జాబ్ ఉంది. చివరి ఐడీ దాచుకుని ‘ఐడీ > చివరిది’ అంటుంది. రోజూ ఒకటో రెండో స్లిప్పులు బిల్లింగ్‌కి చేరట్లేదు. యూనిక్ కీనే కదా, ఎందుకు తప్పుతోంది?

డాబాగార్డెన్స్ · 4:02

సీక్వెన్స్ నంబరు ఇచ్చేది ఇన్సర్ట్ అప్పుడు, రికార్డు కనబడేది కమిట్ అప్పుడు. ఒక ట్రాన్సాక్షన్ 501 తీసుకుని ఇంకా కమిట్ కాలేదు. రెండోది 502 తీసుకుని కమిట్ అయింది. జాబ్ 502 చూసి ‘చివరిది 502’ అని రాసుకుంది. ఆ తర్వాత 501 కమిట్ అయింది. దాన్ని ఇక ఎవరూ చూడరు. సమయం కాలమ్ వాడినా ఇదే జబ్బు, ఎందుకంటే నౌ() ఇచ్చేది ట్రాన్సాక్షన్ మొదలైన సమయం.

పోస్ట్‌గ్రెస్ 13 నుంచి ఇలా చేయొచ్చు. ట్రాన్సాక్షన్ నంబరు దాచే ఎక్స్‌ఐడీ8 టైప్‌లో ఒక కాలమ్ చేర్చి, డిఫాల్ట్ పీజీ_కరెంట్_ఎక్సాక్ట్_ఐడీ() పెట్టండి. అప్‌డేట్‌లు కూడా వెళ్లాలంటే ట్రిగ్గర్‌తో ప్రతిసారీ తిరగరాయండి. జాబ్ చదివేది:

వేర్ (ట్రాన్_ఐడీ, ఐడీ) > (:ట్రా, :ఐ)
అండ్ ట్రాన్_ఐడీ < పీజీ_స్నాప్‌షాట్_ఎక్స్‌మిన్(పీజీ_కరెంట్_స్నాప్‌షాట్())
ఆర్డర్ బై ట్రాన్_ఐడీ, ఐడీ

రెండో షరతు అర్థం: ఇంకా నడుస్తున్న ట్రాన్సాక్షన్లలో అన్నిటికన్నా పాతదానికి ముందువి మాత్రమే. వాటిలో ఇక కొత్తగా కనబడేవి ఉండవు. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఇదే పని రోవెర్షన్ కాలమ్, మిన్_యాక్టివ్_రోవెర్షన్() కలిసి చేస్తాయి.

దీని ఖర్చేమిటంటే, ఎవరైనా బిగిన్ కొట్టి, ఏదో ఒకటి మార్చి, కమిట్ చేయకుండా భోజనానికి వెళ్తే జాబ్ అక్కడే నిలబడిపోతుంది. ఐడిల్_ఇన్_ట్రాన్సాక్షన్_సెషన్_టైమ్‌ఔట్ పెట్టండి, 60 సెకన్లు చాలు. ఇంకా: డంప్ తీసి కొత్త క్లస్టర్‌లో ఎక్కిస్తే ట్రాన్సాక్షన్ నంబర్లు మళ్లీ కింది నుంచి మొదలవుతాయి, దాచిన స్థానం వాటికన్నా పైన ఉండిపోతుంది, కొత్తవేవీ వెళ్లవు. ఆ రోజు కాలమ్‌నీ స్థానాన్నీ రెండింటినీ సరిచేయాలి.

తీసేసిన రికార్డులు ఈ పద్ధతికి కనబడవు. డిలీట్ బదులు ‘రద్దు’ అన్న గుర్తు పెట్టండి.

పెదవాల్తేరు · 4:20

స్థానం ఎక్కడ దాస్తున్నారో కూడా చూడండి, కూర్మన్నపాలెం గారూ. పంపిన రికార్డులు, కొత్త స్థానం రెండూ గమ్యం డేటాబేస్‌లో ఒకే ట్రాన్సాక్షన్‌లో కమిట్ కావాలి. స్థానం మూలం వైపో, ఫైల్‌లోనో ఉంటే, మధ్యలో కరెంటు పోయినప్పుడు ఒకటి జరిగి రెండోది జరగదు. అలా కుదరకపోతే రికార్డులు ముందు, స్థానం తర్వాత రాసి, గమ్యంలో ఆన్ కాన్‌ఫ్లిక్ట్ పెట్టండి. అదే స్లిప్పు రెండోసారి వచ్చినా నష్టం ఉండదు.

మధురవాడ · 5:45

గ్రిడ్ ఇప్పుడు నిలబడుతోంది. గాజువాక గారు చెప్పిన ఈవెంటే మొదటి దొంగ. ఆపరేటర్ రేపు ఇంకో కంప్యూటర్‌లో లాగిన్ అయినా అదే చోటికి రావాలని, స్థానాన్ని ఒక టేబుల్‌లో దాచుదామనుకుంటున్నాం: వాడుకరి, తెర పేరు, ఫిల్టర్ హ్యాష్ కలిపి ప్రైమరీ కీ, సార్ట్ విలువలు జేసన్‌బీలో, ఐడీ, పై నుంచి ఎన్నో గీత, మార్చిన సమయం. ఇన్సర్ట్ ఆన్ కాన్‌ఫ్లిక్ట్ డూ అప్‌డేట్. బాణం కీ నొక్కిన ప్రతిసారీ రాయడం ఎక్కువేమో?

రుషికొండ · 6:02

ఎక్కువే. కర్సర్ కదలడం ఆగాక 2 సెకన్లకి ఒకసారి, తెర మూసేటప్పుడు ఒకసారి రాస్తే చాలు. ఆ టేబుల్‌కి ప్రైమరీ కీ తప్ప ఇంకే ఇండెక్స్ పెట్టకండి, ఫిల్‌ఫ్యాక్టర్ 70 (పేజీని 70 శాతమే నింపడం) పెట్టండి. మారే కాలమ్‌ల మీద ఇండెక్స్ లేకుండా, పేజీలో చోటుంటే, అప్‌డేట్ అదే పేజీలో హాట్ (హీప్-ఓన్లీ టపుల్) పద్ధతిలో జరిగి ఇండెక్స్‌ని ముట్టుకోదు. జేసన్‌బీలో సమయాన్ని టెక్స్ట్‌గానే, ఆరు దశాంశాలతో రాయండి. కంచరపాలెం గారు చెప్పిన కోత ఇక్కడా పడుతుంది.

పరీక్షించేటప్పుడు ఈ ఐదూ వదలకండి: కర్సర్ ఉన్న రికార్డుని ఇంకో సెషన్ నుంచి తీసేయడం, దానికి పైన పది చేర్చడం, ఒకే సమయంతో మూడు రికార్డులు పెట్టి మధ్యదాని మీద నిలవడం, బయటికెళ్లిన సమయం లేని బండి మీద నిలవడం, ఫిల్టర్ మార్చి ఆ రికార్డే జాబితాలో లేకుండా చేయడం.

మధురవాడ · 6:50

నాలుగు నిలిచాయి. ఒకే సమయంతో మూడు పెట్టే పరీక్షనే బండి నంబరు సార్ట్‌లో ఒకే నంబరుతో చేసినప్పుడు మాత్రం పక్కదాని మీద నిలిచింది. అక్కడ ఆర్డర్ బైలో ఐడీ ఉంది గానీ వేర్‌లో బండి నంబరు ఒక్కటే ఉంది. ఒకే బండి రోజుకి ఆరేడు ట్రిప్పులు వేస్తుంది కాబట్టి అది దొరికిపోయింది. సరిచేసి ఇండెక్స్‌ని (బండి_నంబరు, ఐడీ)గా మార్చాను, ఇప్పుడు ఎక్స్‌ప్లెయిన్‌లో జంట పోలిక ‘ఇండెక్స్ కండ్’లోనే కనబడుతోంది.